రోజూ ఒకే స్కోరు వస్తే, అది నిజమైన స్కోరేనా?

పోయిన సెమిస్టర్‌లో మా నలుగురి టీమ్ మినీ ప్రాజెక్ట్‌గా ఒక వెబ్ యాప్ చేసింది. పేరు "స్ట్రెస్ మీటర్". రోజూ రాత్రి పడుకునే ముందు 10 ప్రశ్నలకి జవాబు నొక్కితే చాలు, 0 నుంచి 100 లోపు ఒక నంబర్ ఇస్తుంది. 40 లోపు వస్తే స్క్రీన్ ఆకుపచ్చగా మారి "మీరు ప్రశాంతంగా ఉన్నారు" అని చెప్తుంది. 70 దాటితే ఎరుపు. డెమో రోజు అందరూ చప్పట్లు కొట్టారు. మార్కులు కూడా బాగానే పడ్డాయి.

మా రూమ్మేట్ మాకు మొట్టమొదటి యూజర్. అతని పేరు ఇక్కడ రాయను, కానీ ఈ విషయం రాయమని చెప్పింది అతనే. రెండు వారాలు ఒక్క రోజు కూడా మిస్ అవ్వకుండా యాప్ వాడాడు. స్కోరు ఎప్పుడూ 30 దగ్గరే. రోజూ ఆకుపచ్చే. మూడో వారంలో ల్యాబ్ ఇంటర్నల్ రోజు క్లాసుకి రాలేదు. రూమ్‌కి వెళ్లి చూస్తే బ్యాగ్ సర్దుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇంటి దగ్గర అప్పుల గొడవట. నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, తినాలని అనిపించట్లేదు. పక్క మంచం మీద పడుకునే నాకు ఇవేవీ తెలీవు. "ఒక్క మాట చెప్పొచ్చు కదరా" అన్నాను. దానికి వాడన్నది ఇది: "మీ యాప్ రోజూ బాగానే ఉన్నావంటోంది కదరా. నేనే ఊరికే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో అనుకున్నా."

ఆ రాత్రి కోడ్ మొత్తం మళ్లీ చూశా. బగ్ లేదు. కూడికలు సరిగ్గానే ఉన్నాయి. తప్పు అంతకంటే చాలా ముందే, మేం ప్రశ్నలు రాసిన రోజే జరిగిపోయింది.

మనిషి లోపల జరిగేదాన్ని బయటి నుంచి ఎలా కొలవాలి అనే ప్రశ్న మీద సైకాలజీ వాళ్లు వందేళ్లకు పైగా కష్టపడుతున్నారు. మేమేమో ఒక్క పేజీ కూడా చదవకుండా ఒక సాయంత్రం క్యాంటీన్‌లో కూర్చుని 10 ప్రశ్నలు రాసేశాం. ఆ తర్వాత చదివినదాంట్లో నాకు బాగా పట్టిన మూడు విషయాలు ఇక్కడ చెప్తాను: వేరియబుల్, రిలయబిలిటీ, వాలిడిటీ. వీటికి తెలుగులో ఏమంటారో నాకు తెలీదు. మా అక్క డీఎస్సీకి ప్రిపేర్ అవుతోంది. ఫోన్ చేసి అడిగితే పుస్తకం తెరవకుండానే చెప్పేసింది. "చరం, విశ్వసనీయత, సప్రమాణత. వీటి మీద మాకు బిట్లు వస్తాయిరా."

పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి

వేరియబుల్ అంటే మనకి ఫస్ట్ ఇయర్ నుంచీ పరిచయమే. సి ప్రోగ్రామ్‌లో "స్ట్రెస్" అనే పేరుతో ఒక ఇంటీజర్ డిక్లేర్ చేసి, అందులో చదివిన గంటలు వేసినా కంపైలర్ ఏమీ అనదు. పేరుకీ లోపలి విలువకీ సంబంధం ఉందా లేదా అన్నది దాని పని కాదు. మేం చేసింది అచ్చంగా ఇదే.

మా 10 ప్రశ్నల్లో 4 చదువు గురించి: ఈ రోజు ఎన్ని గంటలు చదివారు, సిలబస్ ఎంతవరకు వచ్చింది, ఇలాంటివి. 3 అటెండెన్స్, అసైన్‌మెంట్ల గురించి. 2 ఫోన్ వాడకం గురించి. మిగిలిన ఒక్కటి నిద్ర గురించి. అది కూడా "ఎన్ని గంటలకి మంచం ఎక్కారు?" అని అడిగాం. మా రూమ్మేట్ రోజూ 11 గంటలకే మంచం ఎక్కేవాడు. 3 దాకా కళ్లు తెరుచుకునే ఉండేవాడు. మా ప్రశ్నకి మాత్రం అతని జవాబు "11", పూర్తి మార్కులు.

స్ట్రెస్, తెలివి, భయం, ఆత్మవిశ్వాసం లాంటివి కంటికి కనపడవు. వాటిని నేరుగా చూడలేం కాబట్టి, చూడగలిగే ఏదో ఒక పనినో జవాబునో వాటికి గుర్తుగా పెట్టుకుంటాం. "నా అధ్యయనంలో ఫలానాది అంటే ఇదీ, దీన్ని ఇలా కొలుస్తాను" అని ముందే తేల్చి చెప్పడాన్ని ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. మా డెఫినిషన్ని ఎవరైనా గట్టిగా చదివి వినిపించి ఉంటే అక్కడే దొరికిపోయేవాళ్లం. "ఒత్తిడి అంటే టైమ్‌టేబుల్ సరిగ్గా పాటించకపోవడం." అది స్ట్రెస్ కాదు, క్రమశిక్షణ. లోపల ఎంత నలిగిపోతున్నా టైమ్‌కి అసైన్‌మెంట్ ఇచ్చేవాళ్లు మన హాస్టల్‌లో ఎంతమంది లేరు?

ఇక ప్రయోగాల్లో వేరియబుల్స్‌కి పాత్రలు ఉంటాయి. మనం కావాలని మార్చేది స్వతంత్ర చరం, అంటే ఇండిపెండెంట్ వేరియబుల్. దానివల్ల మారిందేమో అని కొలిచేది పరతంత్ర చరం, అంటే డిపెండెంట్ వేరియబుల్. ఈ రెండింటి మధ్యలో మనకి తెలియకుండా దూరి ఫలితాన్ని మార్చేసేది కన్ఫౌండింగ్ వేరియబుల్. ఈ మూడూ ఒకేచోట కనిపించే కథ ఒకటి ఉంది. మెషిన్ లెర్నింగ్ చదివేవాళ్లు దీన్ని విని ఉంటారు. అందులో హీరో ఒక గుర్రం.

1900ల మొదట్లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే టీచర్ దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే కాలి గిట్టతో నేలమీద తట్టి జవాబు చెప్పేది. 3, 4 కలిపితే ఎంత అంటే 7 సార్లు తట్టి ఆగేది. యజమాని డబ్బు తీసుకునేవాడు కాదు, మోసం చేసే ఉద్దేశం అసలే లేదు. 1904లో కార్ల్ స్టంఫ్ అనే సైకాలజిస్ట్ ఆధ్వర్యంలో ఒక కమిటీ వేశారు. అందులో జూ డైరెక్టర్, సర్కస్ మేనేజర్ లాంటివాళ్లు కూడా ఉన్నారు. ట్రిక్కులేమీ లేవని వాళ్లు తేల్చారు.

ఆ తర్వాత స్టంఫ్ దగ్గర పనిచేసే ఆస్కర్ ఫుంగ్‌స్ట్ రంగంలోకి దిగాడు. అతను గుర్రానికి ఇంకా కష్టమైన లెక్కలు ఇవ్వలేదు. పరిస్థితిని మార్చాడు. ప్రశ్న అడిగేవాడికి జవాబు తెలిసినప్పుడు ఏమవుతుంది, తెలియనప్పుడు ఏమవుతుంది? గుర్రానికి అడిగేవాడు కనిపిస్తుంటే ఏమవుతుంది, కనిపించకుండా కళ్లకి అడ్డం పెడితే ఏమవుతుంది? ఇవీ అతని ఇండిపెండెంట్ వేరియబుల్స్. సరైన జవాబులు ఎన్ని అనేది డిపెండెంట్ వేరియబుల్. అడిగేవాడికి జవాబు తెలియకపోయినా, అతను కనిపించకపోయినా హాన్స్ లెక్కలు దాదాపు అన్నీ తప్పాయి. అసలు సంగతేంటంటే, తట్టే లెక్క సరైన సంఖ్యకి చేరేసరికి అడిగేవాడి తల తనకే తెలియకుండా ఒక్క పిసరు కదిలేది. గుర్రం ఆ కదలిక చూసి ఆగేది. ఫుంగ్‌స్ట్ 1907లో ఇదంతా పుస్తకంగా ప్రచురించాడు.

హాన్స్ తెలివైనదే. కాకపోతే ఆ తెలివి మనిషి ముఖం చదవడంలో ఉంది, లెక్కల్లో కాదు. "లెక్కలు వచ్చు" అని బోర్డు పెట్టి ఇంకేదో కొలిచారు. మా యాప్ గుర్తొచ్చిందా?

రిలయబిలిటీ: మళ్లీ కొలిస్తే మళ్లీ అదే వస్తుందా?

మా ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ 10 నిమిషాలు ముందుంటుంది. అమ్మ కావాలనే అలా పెట్టింది, మేం స్కూల్ బస్సు మిస్ అవ్వకూడదని. ఆ గడియారం చాలా నమ్మకమైనది. సోమవారమైనా ఆదివారమైనా సరిగ్గా 10 నిమిషాలే ముందుంటుంది. రిలయబిలిటీ అంటే ఇదే, మా అక్క పుస్తకంలో విశ్వసనీయత. కొలిచే వస్తువు మారకపోతే కొలత కూడా మారకూడదు. ఆ గడియారం చూపించే టైమ్ సరైనదా అంటే కాదు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఏ స్కోరు తీసుకున్నా దాంట్లో రెండు భాగాలు ఉంటాయని ఒక పాత లెక్క ఉంది. ఒకటి అసలు విలువ, రెండోది పొరపాటు. ప్రశ్న సరిగ్గా అర్థం కాకపోవడం, ఆ రోజు తలనొప్పి, పక్కన ఎవరో మాట్లాడించడం, ఇవన్నీ ఒకసారి స్కోరుని పైకి, ఒకసారి కిందికి లాగుతాయి. ఇలాంటి గాలివాటం పొరపాట్లు ఎంత తక్కువగా ఉంటే రిలయబిలిటీ అంత ఎక్కువ. దీన్ని చూడటానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది టెస్ట్-రీటెస్ట్. అదే మనుషులకి కొన్నాళ్ల తర్వాత అవే ప్రశ్నలిచ్చి రెండు స్కోర్లకీ సంబంధం చూడటం. రెండోది, చూసి మార్కులు వేసే పద్ధతి అయితే, ఇద్దరు వేర్వేరుగా చూసి వేసిన మార్కులు కలుస్తున్నాయా అని చూడటం. మన ల్యాబ్ వైవాలో ఒకే జవాబుకి ఇంటర్నల్ సార్ 9, ఎక్స్‌టర్నల్ సార్ 4 వేశారనుకోండి, అక్కడ లేనిది ఇదే. మూడోది ఇంటర్నల్ కన్సిస్టెన్సీ. ఒకే విషయం మీద రాసిన ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకి చూపిస్తున్నాయా అని. దీనికి అందరూ వాడే లెక్క క్రోన్‌బాక్ ఆల్ఫా. లీ క్రోన్‌బాక్ 1951లో రాసిన వ్యాసం నుంచి ఈ పేరు వచ్చింది. పైథాన్‌లో నాలుగు లైన్లలో వచ్చేస్తుంది.

మేం కూడా ఆల్ఫా లెక్కేశాం. బాగానే వచ్చింది. పీపీటీలో పెద్ద అక్షరాలతో పెట్టుకున్నాం. ఎందుకు బాగా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. మా ప్రశ్నల్లో 7 చదువు, అటెండెన్స్ చుట్టూనే తిరిగాయి. రెగ్యులర్‌గా ఉండేవాడు ఏడింట్లోనూ రెగ్యులర్‌గానే ఉంటాడు. ఒకే ప్రశ్నని పది రకాలుగా అడిగితే ఆల్ఫా పెరుగుతుంది. ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని మాత్రమే ఆల్ఫా చెప్తుంది. ఎటు నడుస్తున్నాయో చెప్పదు.

స్ట్రెస్ కొలవడానికి అసలు వాళ్లు ఏం చేశారో చూద్దాం. 1983లో అమెరికాలో షెల్డన్ కోహెన్, టామ్ కమార్క్, రాబిన్ మెర్మెల్‌స్టీన్ కలిసి పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ అనే ప్రశ్నావళిని ప్రచురించారు. మొదట 14 ప్రశ్నలు. 1988లో వచ్చిన 10 ప్రశ్నల రూపం ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 4, మొత్తం 40. అది ఎన్ని గంటలు చదివావని అడగదు. గత నెల రోజుల్లో పరిస్థితులు నీ చేయి దాటిపోయినట్టు, మోయలేనంత బరువు మీద పడినట్టు ఎంత తరచుగా అనిపించింది అని అడుగుతుంది. ఆ 10లో 4 ప్రశ్నలు తిరగేసి ఉంటాయి. అంటే అంతా బాగానే నడుస్తోందనిపించిందా అన్న తరహాలో. వాటి మార్కుల్ని తిప్పి కూడతారు. చదవకుండా అన్నిటికీ ఒకే బటన్ నొక్కుతూ పోయేవాళ్లు ఇక్కడ బయటపడతారు. మన గూగుల్ ఫారాలు మనమంతా ఎలా నింపుతామో మనకి తెలిసిందే కదా!

ఈ స్కేలు టెస్ట్-రీటెస్ట్ ఫలితం నాకు భలే నచ్చింది. కాలేజీ విద్యార్థులకి 2 రోజుల తేడాతో ఇస్తే రెండు స్కోర్ల మధ్య సంబంధం 0.85 వచ్చింది. సిగరెట్ మానే ప్రోగ్రామ్‌లో ఉన్నవాళ్లకి 6 వారాల తేడాతో ఇస్తే 0.55 మాత్రమే. మొదట చూసినప్పుడు రెండోది ఫెయిల్ అనుకున్నా. కానీ 6 వారాల్లో మనిషి జీవితం మారుతుంది, స్ట్రెస్ కూడా మారుతుంది. మారేదాన్ని కొలిచే పరికరం మారకుండా అదే నంబర్ చూపిస్తూ ఉంటే అనుమానించాలి. మా రూమ్మేట్ ఇంట్లో అప్పులవాళ్లు తలుపు తట్టిన రోజు కూడా మా యాప్ 30 దగ్గరే ఉంది. దాన్ని మేం "స్టేబుల్" అని మురిసిపోయాం.

వాలిడిటీ: అసలు దేన్ని కొలుస్తున్నాం?

గోడ గడియారం దగ్గరికి మళ్లీ వద్దాం. అది 10 నిమిషాలు ముందుందని మాకెలా తెలుసు? ఫోన్‌లో టైమ్ చూసి. సరైన టైమ్ చెప్పే ఇంకో గడియారం ఉంది కాబట్టి దీని తప్పు తెలిసింది. తప్పెంతో తెలిసింది కాబట్టి తీసేసుకుని వాడుకుంటున్నాం. దాన్ని మాత్రమే చూస్తూ కూర్చుంటే ఎన్నేళ్లు చూసినా ఆ తప్పు బయటపడదు. ఎప్పుడూ ఒకేవైపు ఒకే మోతాదులో జరిగే తప్పుని రిలయబిలిటీ పట్టుకోలేదు. దానికి వాలిడిటీ కావాలి, అంటే సప్రమాణత: పేరులో చెప్పినదాన్నే కొలుస్తోందా?

వీటి మధ్య సంబంధం ఒకవైపుదే. రిలయబిలిటీ ఉండి వాలిడిటీ లేకపోవచ్చు, మా యాప్‌లాగా. కానీ రిలయబిలిటీ లేకుండా వాలిడిటీ ఉండదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపించే గడియారం ఏ టైమ్‌నీ కొలవట్లేదు. దీనికి లెక్క కూడా ఉంది. ఒక పరీక్ష రిలయబిలిటీ 0.64 అయితే, దాని స్కోరుకి బయటి విషయం దేనితోనైనా ఉండగల సంబంధం 0.64 వర్గమూలాన్ని, అంటే 0.8ని దాటదు. రిలయబిలిటీ గేట్ పాస్ లాంటిది. అది లేకుండా లోపలికి రానివ్వరు, ఉన్నంతమాత్రాన పరీక్ష పాసయినట్టు కాదు.

వాలిడిటీని ఎలా చూపించాలి? ఇక్కడా మూడు దారులు చెప్తాను.

ఒకటి, కంటెంట్ వాలిడిటీ. కొలవాలనుకున్న విషయంలో ఉన్న ముఖ్యమైన భాగాలన్నీ ప్రశ్నల్లో ఉన్నాయా? 5 యూనిట్ల సిలబస్‌లో ఒక్క యూనిట్ నుంచే పేపరంతా ఇస్తే మనం గొడవ చేస్తాం కదా. ఇల్లు, డబ్బు, స్నేహాలు, ఆరోగ్యం అన్నీ వదిలేసి చదువు మీదే ప్రశ్నలు అడిగిన మా యాప్ కూడా అలాంటి పేపరే.

రెండు, క్రైటీరియన్ వాలిడిటీ. ఇంకో నమ్మకమైన కొలతతో పోల్చి చూడటం, ఫోన్ టైమ్‌తో గోడ గడియారాన్ని పోల్చినట్టు. డిప్రెషన్ లక్షణాలు చూసే పీహెచ్‌క్యూ-9 దీనికి మంచి ఉదాహరణ. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. కర్ట్ క్రోయెంకీ, రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్ 2001లో దీని మీద పేపర్ ప్రచురించారు. 6,000 మంది పేషెంట్లు దీన్ని నింపారు. వాళ్లలో 580 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు విడిగా మాట్లాడి, ఆ నిర్ణయాన్ని ఈ స్కోరుతో పోల్చారు. స్కోరు 10 లేదా అంతకంటే ఎక్కువ అనే గీత పెడితే సెన్సిటివిటీ 88 శాతం, స్పెసిఫిసిటీ 88 శాతం.

ఈ మాటలు కొత్తగా అనిపిస్తే కన్‌ఫ్యూజన్ మేట్రిక్స్ గుర్తు తెచ్చుకోండి. సెన్సిటివిటీ అంటే మన రీకాల్. 88 శాతం అంటే నిజంగా సమస్య ఉన్న 100 మందిలో 88 మందిని పట్టుకుంటుంది, 12 మందిని వదిలేస్తుంది. ఇంకొక చిక్కు చూడండి. 1,000 మందిలో 100 మందికి నిజంగా సమస్య ఉందని ఊరికే అనుకుందాం. 88 మంది దొరుకుతారు. మిగిలిన 900 మందిలో 12 శాతం, అంటే 108 మందికి సమస్య లేకపోయినా గంట మోగుతుంది. మొత్తం 196 మందికి గంట మోగితే అందులో నిజమైనవి 88, సగం కూడా లేవు. ఇంత కష్టపడి పరీక్షించిన ప్రశ్నావళి కూడా "ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి" అనేవరకే పనికొస్తుంది. నీకు జబ్బు ఉందనో లేదనో అదే తేల్చేయదు. మేమేమో నిపుణులెవరికీ చూపించకుండా ఆకుపచ్చ లైటు వెలిగించాం.

మూడు, కన్‌స్ట్రక్ట్ వాలిడిటీ. చాలా విషయాలకి పోల్చి చూసుకోవడానికి రెండో గడియారమే ఉండదు. "ఇదిగో అసలైన స్ట్రెస్" అని టేబుల్ మీద పెట్టి చూపించలేం. అప్పుడేం చేయాలన్నదాని మీద 1955లో క్రోన్‌బాక్, పాల్ మీల్ ఒక పేపర్ రాశారు. అవును, ఆల్ఫా పేరున్న క్రోన్‌బాకే. సులభంగా చెప్తే వాళ్ల ఆలోచన ఇది. మనం కొలిచేది నిజంగా స్ట్రెస్ అయితే, స్ట్రెస్ ఎలా ప్రవర్తించాలో మన కొలత కూడా అలాగే ప్రవర్తించాలి. ఇంట్లో కష్టం వచ్చినవాళ్లకి స్కోరు పెరగాలి. నిద్ర చెడినవాళ్లకి పెరగాలి. స్ట్రెస్‌తో సంబంధం లేని విషయాలతో పెద్దగా ముడిపడకూడదు. ఇలా ఒక్కో ఆధారం కూడబెట్టుకుంటూ పోవాలి. ఒక్కసారి టెస్ట్ కేస్ పాసయి గ్రీన్ టిక్ వచ్చే వ్యవహారం కాదు.

మా డేటాతో ఈ పరీక్ష పెట్టి చూశా. మా స్కోరుకి బాగా దగ్గరగా నడిచింది అటెండెన్స్ శాతం. అక్కడితో సస్పెన్స్ వీడిపోయింది.

"మా యాప్ వాడితే స్ట్రెస్ తగ్గుతుంది"

ఇది మా ఆఖరి స్లైడ్‌లో రాసిన వాక్యం. వాడినవాళ్ల సగటు స్కోరు రెండు వారాల్లో తగ్గింది, గ్రాఫ్ అందంగా కిందికి దిగింది. "ఇంత శాతం తగ్గింది" అని కూడా వేశాం. ఆ ఒక్క స్లైడ్‌లో మూడు తప్పులున్నాయి.

మొదటిది, ఆ రెండు వారాల మధ్యలోనే మిడ్స్ అయిపోయాయి. మిడ్స్ అయిపోతే ఏ యాప్ లేకపోయినా అందరూ తేలిగ్గానే ఉంటారు. ఇదే మా కన్ఫౌండింగ్ వేరియబుల్. యాప్ వాడని ఇంకో గ్రూపుని కూడా అదే సమయంలో కొలిచి ఉంటే తెలిసేది. ఎవరు ఏ గ్రూపులో ఉండాలో చీటీలు వేసి నిర్ణయించి ఉంటే ఇంకా బాగుండేది. ఫలితానికి మనం చెప్పే కారణమే కారణమా అన్న ప్రశ్నని ఇంటర్నల్ వాలిడిటీ అంటారు. మా దగ్గర అది లేదు.

రెండోది, శాతం. ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలతల్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు: పేర్లు మాత్రమే, వరుస మాత్రమే, సమాన దూరాలు ఉన్నవి, నిజమైన సున్నా ఉన్నవి. "అస్సలు లేదు, కొంచెం, బాగా" అనే జవాబులు వరుస మాత్రమే చెప్తాయి. కొంచెం నుంచి బాగాకి దూరం ఎంతో ఎవరికీ తెలీదు. మా 0 కూడా నిజమైన సున్నా కాదు. జేబులో 60 రూపాయలు 30కి రెట్టింపు. మా స్కోరు 60 మాత్రం 30కి రెట్టింపు ఒత్తిడి కాదు. కాబట్టి ఆ శాతానికి అర్థమే లేదు.

మూడోది, వాడినవాళ్లంతా మా బ్రాంచ్, మా హాస్టల్ అబ్బాయిలే. స్లైడ్‌లో మాత్రం "విద్యార్థులు" అని రాశాం. ఒకచోట తేలింది ఇంకోచోట నిలబడుతుందా అన్నది ఎక్స్‌టర్నల్ వాలిడిటీ. ఇది పెద్ద పెద్ద పరిశోధకులకీ ఉన్న సమస్యే. 2010లో జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, ఆరా నోరెన్‌జాయన్ ఒక పేపర్ రాశారు. సైకాలజీలో "మనుషులు ఇలా ఉంటారు" అని చెప్పిన చాలా విషయాలు పాశ్చాత్య దేశాల్లోని చదువుకున్న, డబ్బున్న సమాజాల మనుషుల్ని, అందులోనూ ఎక్కువగా కాలేజీ విద్యార్థుల్ని చూసి చెప్పినవే అని అందులో ఎత్తి చూపారు.

మనకైతే ఇంకో చిక్కు, భాష. మా యాప్‌లో "మీకు ఒత్తిడిగా ఉందా?" అని అడిగినా మా రూమ్మేట్ లేదనే నొక్కేవాడేమో. ఒత్తిడి అనే మాట మనం పేపర్లో చదువుతాం, నోటితో ఎంతమందిమి అంటాం? మా ఊళ్లో "మనసు బాలేదు" అంటారు, "దిగులుగా ఉంది" అంటారు, "ఏం తోచట్లేదు" అంటారు. ఒక్కోదానికి ఒక్కో రంగు. ఇంగ్లీష్ ప్రశ్నని డిక్షనరీ చూసి తెలుగులో పెడితే అదే కొలత వచ్చేసిందని అనుకోకూడదు. ఒకరు తెలుగులోకి మార్చాక, అసలు చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీష్‌లోకి మార్చి, రెండూ కలుస్తున్నాయా అని చూస్తారు. ఆ తర్వాత కూడా ఇక్కడి మనుషుల మీద మళ్లీ పరీక్షించాల్సిందే. స్కూల్లో ఎప్పుడూ "తెలుగు ఎందుకురా" అనుకునే నాకు, ఈ ఒక్క విషయంలో అది కొలత పరికరంలో భాగమని అర్థమైంది.

ఇప్పుడేం చేశాం

ముందు ఆకుపచ్చ, ఎరుపు తీసేశాం. "మీరు ప్రశాంతంగా ఉన్నారు" అనే వాక్యం తీసేశాం. యాప్ పేరు "దినచర్య" అని మార్చాం, ఎందుకంటే అది కొలిచేది దినచర్యనే. పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ పెట్టేద్దామా అని ఆలోచించాం. కానీ అది కూడా జబ్బుని తేల్చే పరీక్ష కాదు, ఇంత దాటితే సమస్య అనే గీత దానికి లేదు. స్కోరు చూసి ఏం చెప్పాలో మాకే తెలియనప్పుడు కొలవడం ఎందుకని ఆగిపోయాం. బదులుగా కింద ఒక లైను పెట్టాం: మనసు బాగోకపోతే టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ అది. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రతి సెమిస్టర్‌లో మన గ్రూపుల్లోకి "ప్లీజ్ ఫిల్ దిస్ ఫారం" అని పది సర్వేలు వస్తాయి. పది ప్రాజెక్టులు మూడ్, ఫోకస్, పర్సనాలిటీ కొలుస్తామంటాయి. తర్వాతి టీమ్ మీదే అయితే, ఫారం పంపేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

మనం కొలుస్తామంటున్నది ఏంటి? ప్రశ్నలు నిజంగా అడుగుతున్నది ఏంటి? రెండూ ఒకటేనా?

అదే మనిషికి రెండు రోజుల తర్వాత ఇస్తే దాదాపు అదే వస్తుందా? నిజంగా ఏదైనా మారితే స్కోరు కూడా మారుతుందా?

దేనితో పోల్చి చూశాం? పోల్చడానికి ఏమీ లేకపోతే ఏ ఆధారాలతో నమ్ముతున్నాం?

ఫలితానికి ఇంకో కారణం ఏదైనా ఉందా? మిడ్స్, పండగ సెలవులు, కొత్త మెస్ కాంట్రాక్టర్, ఏదైనా సరే.

ఈ నంబర్ చూసిన మనిషి ఏం చేస్తాడు? తప్పు నంబర్ చూస్తే ఏం చేస్తాడు?

ఆఖరి ప్రశ్న ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు. మా రూమ్మేట్ ఇంటికి వెళ్లి 10 రోజులకి తిరిగొచ్చాడు. వాళ్ల మామయ్య మధ్యలో కూర్చుని అప్పు సంగతి కొంత సర్దారట. ఇప్పుడు వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడు. ఈ వ్యాసం చదివించాను. "నా స్కోరు 30 కాదు, ఒక రోజు 27 కూడా వచ్చింది, అది రాయలేదేంటి" అని నవ్వాడు. ఇప్పుడు రాత్రి లైటు ఆర్పేముందు యాప్ తెరవం. "ఎలా ఉన్నావురా" అని అడుగుతాను. "బానే ఉన్నా" అంటే, ఇంకోసారి అడుగుతాను.